ఫేలిక్సు వాయిదా

బైబిలు పాఠము
పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 24:22–27
తోడుగా చదువవలసినవి: ఆదికాండము 40:14–41:1, నిర్గమకాండము 18:13–23, ప్రసంగి 8:11, లూకా 18:1–8



ఇబ్రహీంపట్నము వైపునుండి గొల్లపూడి, భవానీపురము మీదుగా విజయవాడ పోవు ప్రొద్దుటి బస్సులలో చంకను కాగితముల సంచి పెట్టుకొని కూర్చున్న మనుష్యులను మీరు చూచియే యుందురు. ఎక్కడికని అడిగినయెడల, "కోర్టులో వాయిదా ఉందండీ" అందురు. సాయంకాలము తిరుగు బస్సులో అదే మనిషిని ఏమైనదని అడిగినయెడల, "మళ్ళీ వాయిదా పడిందండీ" అందురు. ఈ రెండు మాటల నడుమ ఒక దినపు కూలి పోయినది, రానుపోను చార్జీ పోయినది, మనస్సులోని ధైర్యము కొంత పోయినది. బయట తిరుగువాని సంగతియే ఇట్లుండగా, జైలులో నుండి వాయిదాలు లెక్కించువాని సంగతి ఎట్లుండునో ఆలోచించుడి.

నేరము మోపబడినవానికి కాలయాపన లేకుండ విచారణ జరుగుట అతని హక్కు. అది ఎవరో దయతలచి యిచ్చు భిక్ష కాదు. ఈ నెల పాఠములో ఆ హక్కును గూర్చి నేర్చుకొందము.

1. కైసరయలో రెండు సంవత్సరములు

పౌలును యెరూషలేములో పట్టుకొని, రాత్రివేళ కాపుదలతో కైసరయకు తెచ్చిరి. అయిదు దినములకే ఫిర్యాదులు వచ్చిరి, వారి వకీలు మాటలాడెను, పౌలు తన సమాధానము చెప్పుకొనెను. ఇరుపక్షముల మాటలు ఒక్క దినముననే ముగిసినవి. ఇక మిగిలినది తీర్పు ఒక్కటే. అప్పుడు ఫేలిక్సు ఏమి చేసెను? సహస్రాధిపతియైన లూసియ వచ్చినప్పుడు చూతమని వాయిదా వేసెను. ఆ లూసియ వచ్చినట్లు గ్రంథములో ఎక్కడను లేదు. వాయిదా మాత్రము రెండు సంవత్సరములు సాగెను.

ఎందుకు సాగెను? లూకా దాచక వ్రాసినాడు. పౌలు తనకు సొమ్మిచ్చునేమో అని ఫేలిక్సు ఆశపడెను (26వ వచనము). పదవి విడిచి పోవునప్పుడు యూదులను సంతోషపెట్టవలెనని ఖైదీని బంధకములలోనే విడిచిపోయెను (27వ వచనము). మొదట సాకు, తరువాత లంచముపై ఆశ, కడపట జనుల మెప్పు. ఈ మూడింటిలో పౌలు చేసిన నేరము ఏదియు లేదు. ఫేలిక్సు అతనికి శిక్ష వేయలేదు. అయినను పౌలు రెండు సంవత్సరముల శిక్ష అనుభవించెను. తీర్పు చెప్పకయే శిక్ష వేయుటకు మనుష్యుడు కనిపెట్టిన ఉపాయము పేరు వాయిదా.

యోసేపు సంగతియు ఇట్టిదే. పానదాయకుల అధిపతి చెరనుండి బయటపడిన పిమ్మట యోసేపును మరచెను. ఆ మరపు రెండు నిండు సంవత్సరములు నిలిచెను. ఫేలిక్సు బుద్ధిపూర్వకముగా ఆలస్యము చేసెను. పానదాయకుడు మరచిపోయి ఆలస్యము చేసెను. చెరలో నున్నవానికి ఈ రెండింటికి భేదము లేదు.

2. ఈ హక్కు చట్టములోనికి ఎట్లు వచ్చెను?

ఇంగ్లండు దేశములో 1215వ సంవత్సరమున రాజు ఒప్పుకొనిన మాగ్నా కార్టా అను పత్రములో, న్యాయమును అమ్మము, నిరాకరింపము, ఆలస్యము చేయము అను భావముగల వాగ్దానమున్నది. అమెరికా దేశపు రాజ్యాంగమునకు 1791లో చేర్చిన ఆరవ సవరణలో, త్వరగా బహిరంగ విచారణ పొందు హక్కు స్పష్టముగా వ్రాయబడెను.

మన రాజ్యాంగములో ఈ మాట అక్షరములలో లేదు. 21వ అధికరణములో నున్నదేమనగా, చట్టము నిర్ణయించిన పద్ధతిని తప్ప ఎవని ప్రాణమును గాని స్వేచ్ఛను గాని తీసివేయరాదు. ఆ పద్ధతి న్యాయమైనదిగా నుండవలెనని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పెను. మరుసటి సంవత్సరమే, అనగా 1979లో, బీహారు జైళ్ళలో మగ్గుచున్న వారిని గూర్చి పత్రికలో వచ్చిన వ్రాతలను చూచి, కపిలా హింగోరాణీ అను న్యాయవాది వారి పక్షమున సుప్రీంకోర్టులో దరఖాస్తు వేసిరి. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. కొందరు, నేరము రుజువైనను పడదగిన గరిష్ఠ శిక్షకంటె ఎక్కువ కాలము విచారణ లేకుండ జైలులో నుండిరని అప్పుడు బయటపడెను. త్వరితముగా విచారణ జరుగని పద్ధతి న్యాయమైన పద్ధతి కానేరదని, కనుక ఈ హక్కు 21వ అధికరణములోనే యిమిడి యున్నదని జస్టిస్ పి. ఎన్. భగవతి తీర్పు చెప్పిరి.

1992లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము అంతులే కేసులో మరియొక మాట చేర్చెను. ఈ హక్కు కోర్టు విచారణకు మాత్రమే కాదు, పోలీసు దర్యాప్తు మొదలుకొని అప్పీలు వరకు అన్ని మెట్లకు వర్తించును. అయితే ఇన్ని సంవత్సరములు దాటగానే కేసు తనంతట తానే కొట్టివేయబడునని గీత గీయుటకు వారొప్పుకొనలేదు. 2002లో ఏడుగురు న్యాయమూర్తులు రామచంద్రరావు కేసులో దానినే స్థిరపరచిరి. ఆలస్యము ఎవరివలన కలిగెను, ఎందుకు కలిగెను, దానివలన ముద్దాయికి ఏమి నష్టము వచ్చెను అని ప్రతి కేసులోను చూడవలసినదే.

హక్కు దొరికినది గాని, నేటికిని జైళ్ళు ఏమి చెప్పుచున్నవి? ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022 డిసెంబరు 31 నాటికి దేశమంతటి జైళ్ళలో 5,73,220 మంది యుండగా, వారిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. నూటికి డెబ్బదియైదుగురికి పైగా! వీరిలో నేరము చేసినవారుందురు, చేయనివారుందురు. ఎవరు ఎవరో తేల్చుటకే గదా విచారణ!

3. మన చెంత జరిగిన రెండు సంగతులు

దూరపు బీహారు మాట యటుంచుడి. భవానీపురమునకు పడమర కొద్దిదూరములోనే ఇబ్రహీంపట్నమున్నది. 2007 డిసెంబరు 27న అక్కడి ఒక ప్రైవేటు హాస్టలులో ఒక విద్యార్థిని హత్య చేయబడెను. 2008 ఆగస్టులో సత్యంబాబు అను యువకుని పోలీసులు పట్టుకొనిరి. 2010 సెప్టెంబరు 29న విజయవాడలోని మహిళా సెషన్సు కోర్టు అతనికి శిక్ష విధించెను. అతడు అప్పీలు చేసికొనెను. హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు అతడు నిర్దోషి అని తీర్పు చెప్పినది ఎప్పుడు? 2017 మార్చి 31న. క్రింది కోర్టు రెండు సంవత్సరములలో తేల్చినది తప్పని చెప్పుటకు ఆరున్నర సంవత్సరములు పట్టెను. పట్టుబడిన నాటినుండి లెక్కించిన, ఎనిమిదిన్నర సంవత్సరములు దాటెను. అతనికి లక్ష రూపాయలు చెల్లింపుమని హైకోర్టు ఆదేశించెను. యౌవనమునకు లక్ష రూపాయలు వెల కట్టగలవాడు ఎవడు?

ఆ బిడ్డ తల్లిదండ్రులను కూడ తలంచుకొనుడి. తొమ్మిది సంవత్సరములు గడచిన పిమ్మట, మీ బిడ్డను చంపినది ఎవరో ఇంకను తేలలేదని వారు వినవలసి వచ్చెను. 2018లో హైకోర్టు దర్యాప్తును మరల సి.బి.ఐ.కి అప్పగించెను. ఆలస్యము ముద్దాయిని ఒక్కనినే కొట్టదు. బాధితుని ఇంటిని కూడ కొట్టును.

రెండవ సంగతి కృష్ణా పశ్చిమ డెల్టాలోని చుండూరుది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. ఆ గ్రామములోనే ప్రత్యేక న్యాయస్థానము పెట్టవలెనని బాధితులు పోరాడి సాధించిరి. అయినను అక్కడ విచారణ 2004లో గాని సాగలేదు. 2007 జూలై 31న తీర్పు వచ్చెను: 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఒక్కొక్క సంవత్సరము. తరువాత 2014 ఏప్రిలు 22న హైకోర్టు వారందరిని నిర్దోషులని విడిచిపెట్టెను. పిమ్మట ఆ వ్యవహారము సుప్రీంకోర్టుకెక్కెను.

ఈ తీర్పులలో ఏది సరియో చెప్పుటకు నేను న్యాయవాదిని కాను. నేను అడుగునది ఒక్కటే. పదమూడు సంవత్సరముల తరువాత ఒక కూలి మనిషిని బోనులో నిలువబెట్టి, "ఏ గంటకు చూచితివి, ఏ గట్టు మీద నిలిచితివి, ఎవని చేతిలో ఏమి యుండెను?" అని అడిగిన, అతడు తడబడడా? తడబడిన సాక్ష్యము మీద ఎవరికి న్యాయము జరుగును? నేరము చేసినవానికి ఆలస్యము ఆశ్రయము. చేయనివానికి ఆలస్యము సంకెల. చెడ్డపనికి తగిన తీర్పు త్వరగా రాకపోయిన, మనుష్యుల హృదయములు కీడుచేయుటకు ధైర్యము తెచ్చుకొనునని ప్రసంగి చెప్పినది (8:11) ఇందుకే.

4. త్వరితము వేరు, తొందర వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఘోరమైన నేరము జరిగినప్పుడు జనులు వీధిలోనికి వచ్చి, "విచారణ ఎందుకు? ఇప్పుడే శిక్షించుడి!" అని కేకలు వేయుదురు. పత్రికలు దానికి వంత పాడును. పోలీసులమీద ఒత్తిడి పెరుగును. ఇది త్వరిత విచారణ కాదు, విచారణను మ్రింగివేయుట.

గ్రంథములో మిక్కిలి వేగముగా జరిగిన విచారణ ఏదని నన్నడిగిన, మన ప్రభువు విచారణ అని చెప్పుదును. రాత్రి పట్టుకొనిరి, రాత్రియే సాక్షులను వెదకిరి, సాక్షుల మాటలు ఒకదానితో ఒకటి కలియకపోయినను (మార్కు 14:56) లక్ష్యపెట్టలేదు. ఉదయముననే పిలాతు నొద్దకు, పగలు మూడవ గంటకు సిలువకు! అక్కడ ఒక్క వాయిదాయు లేదు. న్యాయమును లేదు. పిలాతు కూడ ఫేలిక్సువలె జనులను సంతోషపెట్టగోరినవాడే. ఒకడు తొందరపడి, ఒకడు తడవు చేసి, ఇద్దరును ఒకే తప్పు చేసిరి.

మన డెల్టా రైతునకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. లేత నారు పీకి నాటినయెడల నిలువదు. కాలువ నీరు ఆలస్యమై ముదిరిన నారు నాటినయెడల పిలకలు వేయదు. నారుకొక వయస్సున్నది. న్యాయమునకును అట్లే. ముద్దాయికి వకీలు దొరకుటకు, సాక్షులను ప్రశ్నించుటకు, కాగితములు చదువుటకు తగిన కాలము కావలెను. అంతకు మించి ఒక్క దినము కూడ అక్కరలేదు.

5. యిత్రో సలహా, నేటి చట్టము

మోషే ఒక్కడే ఉదయమునుండి సాయంకాలము వరకు కూర్చుండి తీర్పు తీర్చుచుండగా జనులు నిలువబడి యుండిరి. యిత్రో అది చూచి, నీవును నలుగుదువు, ఈ జనులును నలుగుదురు అని హెచ్చరించెను. అతడు చెప్పిన మందు: సమర్థులును, దేవునికి భయపడువారును, లంచమును ద్వేషించువారునైన న్యాయాధిపతులను అనేకులను నియమింపుము. ఆలస్యమునకు ముఖ్య కారణము నేటికిని అదియే. కేసులు ఎక్కువ, న్యాయాధిపతులు తక్కువ. విజయవాడలో కోర్టుల నూతన భవనములకు 2013లో పునాదిరాయి వేయగా 2022 ఆగస్టు 20న గాని ప్రారంభము కాలేదు. న్యాయస్థానమునకు ఇల్లు కట్టుటకే తొమ్మిది సంవత్సరములు!

అయినను చట్టములో మన చేతికి అందు సాధనములు కొన్ని కలవు. ప్రతి సంఘములోను ఎవరైన ఒకరు వీటిని నేర్చుకొని యుంచుకొనవలెను.

మొదటిది: పట్టుకొనిన వానిని, ప్రయాణ కాలము గాక, 24 గంటలలోపల మేజిస్ట్రేటు ముందుకు తేవలెను. ఇది రాజ్యాంగము 22వ అధికరణము.

రెండవది: 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 187వ సెక్షను ప్రకారము, మరణశిక్ష గాని, యావజ్జీవము గాని, పది సంవత్సరములు లేక అంతకు మించిన శిక్ష గాని పడదగిన నేరమైన 90 దినములలోను, తక్కినవైన 60 దినములలోను దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వేయవలెను. వేయనియెడల జామీను అడుగుట ముద్దాయికి హక్కు. అడిగిననే దొరకును, అడుగక ఊరకుండిన, ఛార్జిషీటు పడిన తరువాత ఆ హక్కు జారిపోవును.

మూడవది: అదే చట్టము 479వ సెక్షను ప్రకారము, మరణశిక్షగాని యావజ్జీవముగాని పడదగిన నేరములు తప్ప, గరిష్ఠ శిక్షలో సగము కాలము విచారణ ఖైదీగా గడిపినవానిని సాధారణముగా జామీనుపై విడువవలెను. మునుపెన్నడు శిక్షపడని వానికి మూడవ వంతు చాలును. కాని అతనిమీద ఒకటికంటె ఎక్కువ కేసులుండిన ఈ మేలు వర్తింపదు. ఈ గడువు నిండగానే కోర్టుకు వ్రాయుట జైలు సూపరింటెండెంటు విధి.

నాలుగవది: జైలులో నున్నవానికి, స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. ప్రతి జిల్లాలోను న్యాయసేవాధికార సంస్థ యున్నది. 15100 అను నంబరుకు ఫోను చేయవచ్చును.

6. పౌలు స్నేహితులు ఎక్కడ?

24వ అధ్యాయము 23వ వచనము మరల చదువుడి. పౌలుకు ఉపచారము చేయుటకు అతని వారిలో ఎవరినిని ఆటంకపరచవద్దని ఫేలిక్సు శతాధిపతికి ఆజ్ఞాపించెను. అనగా తలుపు తెరచియే యుండెను. లోపలికి పోవువారు కావలెను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకొనవలసి యున్నది. నేను మొదట పనిచేసిన డెల్టా గ్రామములో మా సంఘపు యువకుని ఒకనిని, చేలోని నీటి మోటారు దొంగిలించినాడని పట్టుకొనిరి. మూడు వారములలో కోర్టు జామీను ఇచ్చెను. ఇద్దరు హామీదారులు కావలెను, వారికి పాసుపుస్తకముగాని ఇంటిపన్ను రసీదుగాని యుండవలెను. అతని తండ్రి కౌలురైతు. తనపేర సెంటు భూమి లేదు. అతడు పెద్దల యిండ్లకు తిరిగెను. పెద్దలు, "ఏమోనయ్యా, రేపు పారిపోతే మా మెడకు చుట్టుకుంటుంది" అనిరి. నా యొద్దకును వచ్చెను. నేను ప్రార్థన చేసి పంపివేసితిని. ఆ నెలలోనే యోసేపును గూర్చి మూడు ప్రసంగములు చేసితినని తలంచుకొనిన నాకు సిగ్గు కలుగుచున్నది.

జామీను వచ్చిన తరువాత నాలుగు నెలలు ఆ బిడ్డ జైలులోనే యుండెను. తండ్రి ఒక్కడే నాట్లకు దిగి, సమయము తప్పి, ముదురు నారు నాటి, ఆ యేడు కౌలు కూడ చెల్లింపలేకపోయెను. మూడు సంవత్సరములకు కేసు కొట్టివేసిరి. ఆ యువకుడు గుడికి వచ్చి నాతో చెప్పిన మాట ఒక్కటే: "కేసు పోయిందండి అయ్యగారూ. ఆ ఏడు మాత్రం తిరిగి రాదు గదండీ."

నేనే ఆ పానదాయకుడనని ఆ దినమున నాకు తెలిసెను.

1978లోనే సుప్రీంకోర్టు, ఒక బీద తాపీపనివానికి పదివేల రూపాయల జామీను విధించి, పరజిల్లావాడని అతని సహోదరుని హామీని త్రోసివేయుట తప్పని చెప్పి యుండెను. 2023 జనవరిలో మరల చెప్పినదేమనగా, జామీను దొరికియు ఏడు దినములలో విడుదల కానివాని సంగతి జైలు అధికారి న్యాయసేవాధికార సంస్థకు తెలుపవలెను. నెల గడచినను హామీ తేలేనివాని షరతులను సడలింపవచ్చునేమో కోర్టు తనంతట తానే చూడవచ్చును. ఇవి నాకు అప్పుడు తెలియవు. తెలియకపోవుట నాకు సాకు కాదు. అడిగి తెలిసికొనుటకు నేను బస్సు ఎక్కలేదు.

లూకా 18లోని విధవరాలికి వకీలు లేడు, సొమ్ము లేదు. ఆమెకున్నది విడువక వచ్చుట ఒక్కటే. దేవునికి భయపడని న్యాయాధిపతి సహితము ఆ రాకకు లొంగెను. ప్రార్థనను గూర్చిన ఉపమానమని మనము దీనిని చదువుదుము, అది సరియే. కాని ఆమె ఇంటిలో కూర్చుండి అడుగలేదు, న్యాయాధిపతి గడపకు నడిచి వెళ్ళెను. మన సంఘములలో అట్టివారు ఎవరైన యున్నప్పుడు ఆమె ఒంటరిగా నడువకుండ చూచుట మన పని.

ఆలోచించి జవాబు చెప్పుటకు ప్రశ్నలు

1. ఫేలిక్సు వాయిదాకు లూకా చూపిన కారణములు ఏవి? నేడు మన చుట్టు జరుగు ఆలస్యములో అట్టివి కనబడుచున్నవా?
2. ప్రభువు విచారణలోని తొందరకును, పౌలు విచారణలోని ఆలస్యమునకును మూలమైన ఒకే పాపము ఏది?
3. నేరము మోపబడినవాడు నిజముగా దోషియే అయినయెడల, అతనికి త్వరిత విచారణ హక్కు ఉండవలెనా? ఎందుకు?
4. మీ గ్రామమునుండి జైలులో నున్నవారు ఎవరైన కలరా? వారి తరువాతి వాయిదా ఎప్పుడో మీలో ఎవరికి తెలియును?

ఈ నాలుగవ ప్రశ్నకు జవాబు తెలియనియెడల, ఆదివారము కూటము ముగియకముందే తెలిసికొనుడి. సోమవారమునాటి బస్సులో ఆ తల్లి ప్రక్కన మీలో ఒకరు కూర్చుండవలెను.

ప్రార్థన: ప్రభువా, మరువబడినవారిని నీవు మరువవు. తీర్పు కొరకు కనిపెట్టువారిని, న్యాయము కొరకు ఏడ్చువారిని, న్యాయపీఠముల మీద కూర్చుండువారిని జ్ఞాపకము చేసికొనుము. మేము పానదాయకునివలె మరువకుండ మాకు జ్ఞాపకమును, నడువను కాళ్ళను దయచేయుము. ఆమేన్.